వినకముందే చదివిన జప్పా

అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జప్పా సంగీతం ఒక్క నిమిషం కూడా వినకముందే ఆయన గురించి నేను ఆరు నెలల పైన చదివాను. అలా ముందు చదవాల్సి రావడం వల్లే ఆయన నాకు ఇంత దగ్గరయ్యాడని ముప్ఫై ఏళ్లు దాటాక కూడా అనిపిస్తుంది. అందుకే ఆయన పాటల కంటే ఎక్కువగా, ఆయన గురించి రాసిన ఆ పాత పత్రికల గురించి ఇవాళ రాయాలనిపించింది.

1991 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి గుంటూరు నుంచి అమెరికా వచ్చాను. మిడ్‌వెస్ట్‌లో చుట్టూ మొక్కజొన్న చేలు, మధ్యలో యూనివర్సిటీ, అంతే ఊరు. అసిస్టెంట్‌షిప్ రాలేదు, నాన్న అప్పు చేసి పంపించాడు, వారానికి ఇరవై గంటలు క్యాంపస్‌లో ఏ పని దొరికినా చేద్దామని తిరిగితే లైబ్రరీ పీరియాడికల్స్ సెక్షన్‌లో చోటు దొరికింది. గంటకి 4.25 డాలర్లు. ఒక సంవత్సరం పత్రికలన్నీ వరసగా పేర్చి, ఏ నెలదైనా పోయిందా, ఏ పేజీ అయినా చిరిగిందా అని ఒక్కో పేజీ తిప్పి చూసి, కట్ట కట్టి, పైన చీటీలో పేరు, సంపుటం నంబరు, అట్ట రంగు రాసి బైండింగ్‌కి పంపాలి. పేజీ లేకపోతే వేరే లైబ్రరీకి రాసి దాని జిరాక్స్ తెప్పించి, ఆ చోట అతికించాలి. మా సూపర్‌వైజర్ అరవై దగ్గర పడిన ఆవిడ, గమ్ ఎంత రాయాలో మొదటి రోజే తన చేత్తో రాసి చూపించింది. అంచున పావు అంగుళం, అంతే. అంతకన్నా ఎక్కువైతే పుస్తకం తెరిచిన ప్రతిసారీ పేజీ లాగి లాగి చివరికి విరిగిపోతుందట. ఆవిడ ఆ పని ఎంత శ్రద్ధగా చేసేదంటే, ఊళ్లో మా అమ్మ అప్పడాలు ఎండబెట్టేటప్పటి శ్రద్ధ గుర్తొచ్చేది.

ఆ అక్టోబరులో ఎవరో పాత పత్రికలు పెట్టెలకొద్దీ లైబ్రరీకి ఇచ్చారు. 1960ల మధ్య నుంచి మొదలుకొని ఇరవై ఏళ్ల పైన సంగీతం పత్రికలు, మధ్యలో కొన్ని వార్తా పత్రికలు కూడా. మా దగ్గర లేని సంచికలేవో అందులోంచి ఏరి, మిగతావి పక్కన పెట్టాలి. ఆ పని నాకిచ్చారు. బేస్‌మెంట్‌లో ఒక పొడవాటి బల్ల, ఒక ట్యూబ్‌లైటు, నేను, ఆ పెట్టెలు. వారానికి మూడు సాయంత్రాలు.

పాప్, రాక్ అంటే నాకు అప్పటికి తెలిసింది చాలా తక్కువ. గుంటూరులో ఒక సీనియర్ ఇచ్చిన క్యాసెట్లు నాలుగైదు, అంతే. మా ఇంట్లో సంగీతం అంటే రేడియోలో సినిమా పాటలు, బ్రాడీపేటలో మాస్టారి దగ్గర నేను ఆరేళ్లు నేర్చుకున్న మృదంగం. కాబట్టి ఆ పెట్టెల్లో ఉన్న పేర్లు చాలావరకు నాకు కొత్తవే. ఒక పేరు మాత్రం పత్రిక మారినా, సంవత్సరం మారినా మళ్లీ మళ్లీ తగులుతూనే ఉంది. మొదటిసారి చూసింది రోలింగ్ స్టోన్ 1968 జూలై సంచిక ముఖచిత్రం మీద. ఆ పత్రిక అప్పట్లో మన దినపత్రికలాంటి కాగితం మీద వచ్చేది, మధ్యకి మడిచి ఉండేది, ఆ మడత దగ్గర కాగితం పచ్చగా మారి ముట్టుకుంటే పొట్టు రాలేది. పొడుగు జుట్టు, కింది పెదవి కింద చతురస్రంగా కత్తిరించిన చిన్న గడ్డం, ఎవరినీ లెక్కచేయనట్టుండే చూపు. పేరు కూడా విచిత్రంగా ఉంది, జప్పా.

అదే ఏడాది జూన్ లైఫ్ పత్రికలో కొత్త రాక్ సంగీతం గురించి పెద్ద కథనం ఉంది, అందులో ఈయన రాసిన వ్యాసం ఒకటి. తన గురించి మిగతావాళ్లు రాసిన కథనాల్లో వింత మనిషి, పిచ్చి వేషాలు, అల్లరి అనే మాటలే ఎక్కువ. తను రాసిన దాంట్లో మాత్రం చాలా నిదానంగా, తనకి తెలిసిన విషయాన్ని తెలిసినట్టుగా చెప్పుకుంటూ పోయే మనిషి కనిపించాడు. ఈ రెండూ ఒకే మనిషి గురించేనా అని ఆ సాయంత్రం రెండు పత్రికలనీ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చూశాను. నా కుతూహలం మొదలైంది అక్కడే.

ఆ తర్వాత వరస పట్టుకున్నాను. పని చేస్తూనే ఆయన పేరు కనిపించిన ప్రతి సంచికలోనూ ఒక చిన్న కాగితం ముక్క పెట్టేవాణ్ని, పని గంటలు అయ్యాక అక్కడే కూర్చుని చదివేవాణ్ని. కొన్నాళ్లకి విషయం తెలిసొచ్చింది, ఒక్కో పత్రికలో ఒక్కో జప్పా ఉన్నాడు. డౌన్ బీట్ జాజ్ పత్రిక, వాళ్లకి ఆయన జాజ్ వాద్యకారుల్ని రాక్‌లోకి తెచ్చినవాడు. గిటార్ ప్లేయర్ అనే పత్రికకి ఆయన వేళ్ల గురించి, తీగల గురించి, యాంప్లిఫయర్ల గురించి తప్ప వేరే ధ్యాస లేదు, 1977 జనవరి సంచికలో ముఖచిత్రం వేసి మరీ అవే అడిగారు. వార్తా పత్రికలకి ఆయన పాటల్లో బూతులు కావాలి, పిల్లలకి పెట్టిన వింత పేర్లు కావాలి. ఎవరి ముక్క వాళ్లు కోసుకుని తీసుకెళ్లినట్టుండేది. మొత్తం మనిషి ఎక్కడ ఉన్నాడా అంటే, ఆ బేస్‌మెంట్ బల్ల మీద, అన్ని పత్రికలూ కలిపి పరిచిన చోట ఉన్నాడు.

నన్ను నిజంగా పట్టేసింది మాత్రం స్టీరియో రివ్యూ 1971 జూన్ సంచిక. ఆ పత్రికలో ఎక్కువగా స్పీకర్ల ప్రకటనలు, టర్న్‌టేబుళ్ల పోలికలు ఉండేవి. వాటి మధ్యలో జప్పా స్వయంగా రాసిన జ్ఞాపకం. ఎడ్గార్ వరేజ్ అనే ఫ్రెంచి స్వరకర్త చిన్నప్పుడు తనకి ఆరాధ్యుడు ఎలా అయ్యాడో రాశాడు.

జప్పాకి పదమూడేళ్లప్పుడు లుక్ అనే పత్రిక చేతికొచ్చింది. అందులో న్యూయార్క్‌లోని శామ్ గూడీ అనే రికార్డుల కొట్టు గురించి వ్యాసం. ఆ కొట్టాయన ఎంత అమ్మకందారు అంటే, ఇదిగో ఇలాంటి రికార్డు కూడా అమ్మేయగలడు అని వరేజ్ రికార్డుని ఉదాహరణగా చెప్పారు. అందులో అంతా డోళ్ల మోత, చెవికి ఇంపుగా లేని చప్పుళ్లు అన్న అర్థంలో రాశారు. అది తిట్టు. ఈ పిల్లవాడు మాత్రం ఆ తిట్టు చదివి, నాకు కావాల్సింది ఇదే అనుకున్నాడు! ఏడాది పైన కొట్టు కొట్టుకీ తిరిగి వెతికాడు. చివరికి కాలిఫోర్నియాలో లా మెసా అనే ఊళ్లో ఒక కొట్టులో కనిపించింది, అట్ట మీద జుట్టు రేగిన ముసలాయన బొమ్మ. వెల 5.95 డాలర్లు, కుర్రాడి జేబులో నాలుగు డాలర్లు కూడా లేవు. ఆ రికార్డుని కొట్టువాళ్లు హైఫై సెట్లు ఎలా మోగుతాయో చూపించడానికి వాడుతున్నారు, కొనేవాడు ఎవడూ లేడు, ఉన్నది ఇచ్చి పట్టుకుపో అన్నారు. ఇంటికి తెచ్చి పెడితే వాళ్లమ్మ హాల్లో ఆ రికార్డు ఇంకెప్పుడూ వేయొద్దంది.

పదిహేనో పుట్టినరోజుకి ఐదు డాలర్లు ఖర్చు పెడతాను, ఏం కావాలో చెప్పమని అమ్మ అడిగితే, వస్తువేదీ వద్దు, న్యూయార్క్‌కి ట్రంక్ కాల్ చేసుకుంటానన్నాడు. వరేజ్ నంబరు పట్టుకుని ఫోన్ చేశాడు. ఆయన ఊళ్లో లేడు, బ్రసెల్స్ వెళ్లాడు, భార్య లూయీజ్ మాట్లాడింది. తర్వాత ఇంకోసారి చేస్తే వరేజే మాట్లాడాడు, 'డెజెర్ట్స్' అనే రచన గురించి చెప్పాడు. ఎడారులు అని అర్థం. మొజావీ ఎడారిలో లాంకాస్టర్ అనే చిన్న ఊళ్లో ఉంటున్న కుర్రాడికి, తన ఎడారి మీద న్యూయార్క్‌లో ఎవరో పెద్దాయన సంగీతం రాస్తున్నాడంటే ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. వాళ్లిద్దరూ ముఖాముఖి కలవనే లేదు, 1965లో వరేజ్ పోయాడు. మరుసటి ఏడాదే జప్పా మొదటి ఆల్బమ్ 'ఫ్రీక్ అవుట్' వచ్చింది, రెండు ఎల్పీల సెట్టు. దాని అట్ట మీద వరేజ్ మాట ఒకటి అచ్చు వేయించాడు, ఈనాటి స్వరకర్త చచ్చిపోవడానికి ఒప్పుకోడు అని.

ఆ రాత్రి గదికి నడిచి వెళ్తూ ఇదే ఆలోచన. వినకముందు ఏడాది పైన వరేజ్‌ని కాగితం మీద పట్టుకుని బతికాడు ఆయన. నేనూ అదే చేస్తున్నాను ఆయన విషయంలో. లేనిది ఊహించుకుంటూ చదవడంలో ఒక సుఖం ఉంది. ఇలా ఉంటుందేమో, కాదు, ఇలా ఉంటుందేమో అని మనసులోనే ఒక సంగీతం కట్టుకుంటాం. చిన్నప్పుడు మా ఊళ్లోకి రాని సినిమా గురించి వారపత్రికలో సమీక్ష చదివి, కథంతా మేమే అల్లుకునేవాళ్లం, అలాంటిదే.

ఆ నవంబరులోనే, నేను ఆయన గురించి ఇరవై మూడేళ్ల వెనక వార్తలు చదువుకుంటూ ఉండగా, ఆ రోజు పేపర్లో కొత్త వార్త వచ్చింది. జప్పాకి ప్రోస్టేట్ క్యాన్సర్ అని, న్యూయార్క్‌లో ఆయన సంగీతంతో జరుగుతున్న కచేరీకి ఆయన రాలేకపోయాడని, పెద్దపిల్లలు మూన్, డ్వీజిల్ చెప్పారని. పెట్టెల్లో ఆయనకి అప్పటికి ఇరవై ఏడేళ్లే. బయట యాభై. ఆ తేడా నన్ను చాలా రోజులు పీడించింది. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోలేదని ఉత్తరం వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు, అప్పటికి ఒక్క పాట కూడా వినలేదు.

గిటార్ ప్లేయర్ విషయానికి వస్తాను. 1982 చివర్లో ఆ పత్రికలో జప్పా తనే ఒక కాలమ్ రాయడం మొదలుపెట్టాడు. అందులో ఒక దాని శీర్షిక చూసి బల్ల దగ్గర లేచి నిలబడ్డాను. బేసి తాళాల్లోకి తొలి అడుగులు అని. మొదటి పేజీ ఉంది, తర్వాతి పేజీ లేదు. బ్లేడుతో నున్నగా కోసి తీసుకుపోయారు, ఎవరో గిటారు నేర్చుకునే కుర్రాడై ఉంటాడు. ఆ కోత పక్క పేజీ మీద కూడా సన్నని గీతలా దిగింది, వేలితో తడిమితే తెలుస్తుంది. పెట్టెలో దొరికిన ఇంకో కాపీలోనైతే సగం పత్రికే లేదు. వేరే లైబ్రరీకి ఫారం నింపి పంపాను, మూడు వారాలకి జిరాక్స్ వచ్చింది. గమ్ పావు అంగుళం రాసి, ఎముక పుల్లతో అంచు నొక్కి, పైన బరువు పెట్టి రాత్రంతా ఉంచాను. అతికించేముందు నాకోసం ఒక జిరాక్స్ తీసుకున్నాను, పది సెంట్లు.

ఐదు, ఏడు మాత్రల లెక్క అంటే రాక్ గిటారు వాయించేవాళ్లకి టెన్షన్ అట. మాకు బ్రాడీపేట వరండాలో అదే పలకాబలపం. ఖండం అంటే తకతకిట, మిశ్రం అంటే తకిటతకధిమి, తొడ మీద చెయ్యి వేసుకుంటూ సందుల్లో నడుస్తూ చెప్పుకునేవాళ్లం. నాకు ఆ సంగీతంలో ఏ పేరూ తెలియదు, ఏ వాద్యమూ తెలియదు, కానీ లెక్క తెలుసు. అంత దూరంలో, అంత చలిలో, నా ఇంటి సంగతి ఒకటి గిటారు పత్రికలో కనపడటం నాకు ఎంత ధైర్యమిచ్చిందో చెప్పలేను.

మొదటిసారి విన్నది 1992 ఏప్రిల్‌లో. పాత సీడీల కొట్టులో 'హాట్ ర్యాట్స్' దొరికింది, 1969 ఆల్బమ్. రూమ్మేట్ రాజమండ్రివాడు, వాడి ప్లేయర్‌లో పెట్టాను. అన్ని నెలల చదువుతో నేను కట్టుకున్న సంగీతం చాలా గరుకుగా, చప్పుళ్లతో, డోళ్లతో ఉంది. మొదటి పాట 'పీచెస్ ఎన్ రెగాలియా' మొదలవగానే రాగం, పెళ్లి ఊరేగింపులా కళకళలాడుతూ వస్తోంది! మాటలు లేవు, మూడున్నర నిమిషాల పైచిలుకు, ఒక్కచోట కూడా ఆగి ఊపిరి తీసుకోదు.

"ఒరేయ్, ఇదేనా నువ్వు ఆర్నెల్ల నుంచీ చెప్తున్న పిచ్చోడి సంగీతం? హాయిగా ఉంది కదరా" అన్నాడు మావాడు.

నిజంగా హాయిగా ఉంది. ఇన్ని పత్రికలు చదివితే, ఆయన రాగం ఇంత అందంగా కడతాడని ఒక్కరూ నాకు గట్టిగా చెప్పలేదే అనిపించింది. వేషం గురించి రాశారు, నోటి దురుసు గురించి రాశారు. ఈ మాట రాసినవాళ్లు ఉండే ఉంటారు, నా కంటికి ఆనలేదేమో. ఒక మనిషి గురించి రాయడానికి ఆసక్తికరమైన సంగతులు ఎక్కువైపోతే, ఆ మనిషి చేసిన పని వెనక్కి పోతుందని నాకు అప్పుడే తెలిసింది.

అన్నీ నచ్చాయని చెప్పను. ఆయన పాటల్లో కొన్నింటి మాటలు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చవు, ఆడవాళ్ల గురించి రాసినవి మరీ. అయినా 1985 సెప్టెంబరు 19న సెనేట్ కమిటీ ముందు, పాటల మీద హెచ్చరిక లేబుళ్లు వేయాలన్న వాళ్లకి ఎదురుగా, జుట్టు కత్తిరించుకుని సూటూ టై కట్టుకుని కూర్చున్న ఫోటో చూస్తే గౌరవం కలుగుతుంది. అప్పటికి ఏడాది ముందే ప్యారిస్‌లో పియర్ బూలేజ్ అనే పేరున్న ఫ్రెంచి స్వరకర్త ఆయన రచనలు వాయింపజేసి ఆల్బమ్ చేశాడు, దానికి ముందు లండన్ సింఫొనీ ఆర్కెస్ట్రాతో జప్పాయే తన సొంత డబ్బు పెట్టి రికార్డు చేసుకున్నాడు. అయినా వార్తా పత్రికలు అప్పటికీ ఆయన్ని రాక్ స్టార్ అనే రాసేవి. 1982లో కూతురు మూన్‌తో చేసిన 'వ్యాలీ గర్ల్' పాట బిల్‌బోర్డ్ పాటల జాబితాలో 32వ స్థానం దాకా వెళ్లింది, ఆయన పాటల్లో అంత పైకి వెళ్లింది అదొక్కటే. బతికుండగా వచ్చిన 60కి పైగా ఆల్బమ్‌ల కంటే ఆ ఒక్క పాట గురించే ఎక్కువ పేజీలు చూశానేమో ఆ పెట్టెల్లో. మన భాషలో మాటా పాటా రెండూ తానే కట్టేవాణ్ని వాగ్గేయకారుడు అంటాం. ఇంగ్లీషు పత్రికలు ఆయనకి ఏ పేరు పెట్టాలో తెలియక తడుముకుంటున్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొచ్చేది. మాస్టారు వింటే త్యాగయ్యగారికి వాడే మాట అతనికా అని కోప్పడతారేమో అనుకుని పైకి అనేవాణ్ని కాదు.

మాస్టారి మాట ఎలాగూ వచ్చింది. 1992 వేసవిలో జప్పా పాత కచేరీల సిరీస్‌లో ఆరో భాగం వచ్చింది, రెండు సీడీలు. వెనక అట్ట మీద ఎల్. శంకర్ పేరు! మద్రాసు వయొలిన్ కుటుంబం, ఎల్. సుబ్రహ్మణ్యం గారి తమ్ముడు. 1979లో శంకర్ ఆల్బమ్‌ని జప్పాయే తన లేబుల్ మీద తీశాడని అప్పటికి ఏదో పత్రికలో చదివి ఉన్నాను. ఈ సీడీలో ఉన్నది 1978లో న్యూయార్క్ కచేరీలోది, పేరే 'థర్టీన్', పదమూడు మాత్రల లెక్క. ముందు జప్పా జనానికి ఆ పదమూడుని ఎలా లెక్కపెట్టాలో చెప్తాడు, తర్వాత శంకర్ వయొలిన్ అందుకుంటాడు. ఆ సెట్టు ఖరీదు నాకు వారం కిరాణా. కొనేశాను. క్యాసెట్ మీదకి ఎక్కించి, ఆ కాలమ్ జిరాక్స్ కూడా కవర్లో పెట్టి, మాస్టారికి పోస్టు చేశాను. ఆయన ఇంగ్లీషు చదవగలరు, పాశ్చాత్య స్వరలిపి రాదు.

రెండు నెలలకి ఉత్తరం వచ్చింది. మాస్టారు నీలం సిరాతో, పెద్ద పెద్ద అక్షరాలతో రాసేవారు. చిరంజీవికి ఆశీస్సులు అని మొదలుపెట్టి, ఒంట్లో బాగుందా, చలికి మఫ్లర్ కట్టుకుంటున్నావా అని రెండు పేరాలు రాశాక అసలు సంగతిలోకి వచ్చారు. "ఆ శంకర్ లక్ష్మీనారాయణ గారి అబ్బాయే కదురా, తెలుస్తూనే ఉంది. ఆ గిటారాయన ఎవరో నాకు తెలియదు గానీ లెక్క తెలిసినవాడు. పదమూడంటే భయం వద్దు, తకతకిట తకధిమి తకధిమి అని పట్టుకో, హాయిగా నడుస్తుంది. చప్పుడు ఎక్కువగా ఉంది, మీ పిన్ని టేప్‌రికార్డర్ పాడయిందేమో అనుకుంది." నేను పంపిన జిరాక్స్ కూడా తిరిగి పంపారు, దాని అంచున పెన్సిల్‌తో మన జతులు రాసి. నాకు అర్థం కాదేమోనని కాదు, ఆయనకి ఊరుకోబుద్ధి కాలేదు, అంతే.

రాక్ పత్రికల్లో రాసేదంతా రాయడం రానివాళ్లు, మాట్లాడడం రానివాళ్లని ఇంటర్వ్యూ చేసి, చదవడం రానివాళ్ల కోసం అచ్చువేసేదని జప్పా ఒకసారి అన్నాడు, అది అందరూ చెప్పుకునే మాట. ఆయన మీద నాకెంత గౌరవం ఉన్నా ఈ ఒక్క మాట దగ్గర ఒప్పుకోలేను. లుక్ పత్రికలో ఎవరో ఒక విలేకరి, సంగీతం సరిగా తెలియనివాడే కావచ్చు, ఆ రెండు వాక్యాలు రాయకపోతే లాంకాస్టర్ ఎడారిలో కుర్రాడికి వరేజ్ పేరు ఎలా తెలిసేది? తప్పుగా రాసింది కూడా చేరవలసినవాడికి చేరింది. నా బేస్‌మెంట్‌లో కూడా అంతే. సగం సగం రాసినవాళ్లే నన్ను ఆయన దాకా చేయి పట్టుకుని తీసుకెళ్లారు.

1993లో ప్లేబాయ్‌లో ఆయన పెద్ద ఇంటర్వ్యూ వచ్చింది. ఆ పత్రికని మా లైబ్రరీలో కౌంటర్ వెనక ఉంచేవారు, ఐడీ ఇచ్చి అడగాలి. నేను అడిగితే మా సూపర్‌వైజర్ ఏమనుకుంటుందోనని మూడు రోజులు ఆగాను. ఆవిడ నా మొహం చూసి, జప్పా కోసమేగా అని తనే తీసి ఇచ్చింది. నేను పెడుతున్న కాగితం ముక్కలు ఆవిడ గమనిస్తూనే ఉందన్నమాట. జబ్బు గురించి, చేయవలసిన పని గురించి, కమ్యూనిస్టు పాలన పోయిన కొద్ది వారాలకే, 1990 జనవరిలో చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్ వెళ్తే అక్కడి జనం తనని ఎలా చూసుకున్నారో దాని గురించి చెప్పాడు. దొంగచాటుగా వచ్చిన రికార్డులు విన్నవాళ్లు వాళ్లు, అధ్యక్షుడు హావెల్‌తో సహా. సంగీతం దొరకడమే కష్టమైన చోట అంత ప్రేమ ఎలా పెరిగిందో నాకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ డిసెంబరు 4, శనివారం, లాస్ ఏంజెలెస్‌లో ఆయన పోయాడు. ఇంకో రెండున్నర వారాల్లో 53 నిండేవి. మర్నాడు ఇంటివాళ్లే నిశ్శబ్దంగా ఖననం చేశారు, సమాధి మీద పేరు కూడా లేదు, ఆ తర్వాతే బయటికి చెప్పారు. సోమవారం నేను పనికి వెళ్లేసరికి సూపర్‌వైజర్ బల్ల మీద చిన్న చీటీ పెట్టి ఉంది, నీకు ముందే తెలిసిందో లేదో, సారీ అని. కుటుంబం ఇచ్చిన ప్రకటన ఒక్క వాక్యమే. శనివారం సాయంత్రం ఆరుకి కొంచెం ముందు ఆయన తన ఆఖరి టూర్‌కి బయల్దేరాడని. పేరుకి ముందు ఒకే ఒక్క మాట పెట్టారు, స్వరకర్త. రాక్ అని లేదు, గిటారు అని లేదు. ఇరవై ఏడేళ్ల పత్రికలు తిరగేసినవాణ్ని కాబట్టి ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

జనవరి నుంచి సంతాప సంచికలు రావడం మొదలైంది. గిటారు పత్రికలు, కీబోర్డు పత్రికలు, జాజ్ పత్రికలు, వార్తా పత్రికలు, అన్నీ ముఖచిత్రాలో పెద్ద ఫోటోలో వేశాయి. అన్నిట్లోనూ ఇప్పుడు స్వరకర్త అనే రాశారు. మే నెలలో నా చదువు పూర్తయింది, 1993 కట్టలు కట్టకుండానే ఆ ఊరు వదిలి ఉద్యోగానికి డెట్రాయిట్ వచ్చేశాను.

2012లో స్నేహితుడి కూతురి గ్రాడ్యుయేషన్‌కని మళ్లీ ఆ ఊరు వెళ్లాను. పీరియాడికల్స్ సెక్షన్ ఉన్న చోట కాఫీ షాపు, సోఫాలు ఉన్నాయి. పాత సంపుటాలు ఊరి బయట గోడౌన్‌లో పెట్టారట, అడిగితే మర్నాటికి తెప్పిస్తామన్నారు. గిటార్ ప్లేయర్, 1982 అని రాసిచ్చి, ప్రయాణం ఒక రోజు వాయిదా వేసుకున్నాను. మాస్టారు పోయి అప్పటికి ఆరేళ్లు.

ముదురు ఆకుపచ్చ అట్ట, వెన్ను మీద బంగారు రంగు అక్షరాలు, ఆ రంగు చీటీలో రాసింది నేనే. ఆ కాలమ్ ఉన్న చోటికి తిప్పాను. చుట్టూ ఉన్న పేజీలు నున్నగా మెరుస్తున్నాయి, మధ్యలో జిరాక్స్ కాగితం ఒక్కటే గరుకుగా, అంచులు పసుపు తిరిగి ఉంది. మొదటి పేజీ మీద బ్లేడు గీత అలాగే ఉంది. మెల్లగా పేజీ ఎత్తి అతుకు చూశాను. పావు అంగుళం. ఎక్కడా ఊడలేదు.

పర్సులోంచి మాస్టారి పెన్సిల్ రాతలున్న నా కాపీ తీసి దాని పక్కన పెట్టుకుని, తొడ మీద మెల్లగా తాళం వేసుకుంటూ రెండూ మొదటి నుంచి చివరిదాకా చదివాను.